రెండో బాణం మనం వేసుకోవద్దు

2023 జనవరి ఒక్క నెలలోనే గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని, అమెజాన్ 18 వేల మందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నట్టు ప్రకటించాయి. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తానని చెప్పింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మాదాపూర్, గచ్చిబౌలిలో అద్దెకుంటున్న ఇళ్లలో నిద్ర కరువవుతుంది. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ల సంగతి మరీ కష్టం. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులే గడువు. ఈలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా దేశం విడిచి రావాలి.

ఇలాంటి సమయంలో "మనసు ప్రశాంతంగా ఉంచుకో" అని ఎవరైనా చెబితే మీకు కోపం రావచ్చు. ఈఎంఐ కట్టాల్సింది మనసు కాదు కదా అనిపిస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. మరి ధమ్మం ఇక్కడ మనకి ఏం పనికొస్తుంది?

సంయుత్త నికాయంలో భగవానుడు ఒక ఉపమానం చెప్పాడు. ధమ్మం తెలియనివాడికీ బాధ కలుగుతుంది, తెలిసినవాడికీ కలుగుతుంది. తేడా ఏమిటంటే, తెలియనివాడు బాణం దెబ్బ తిన్నాక రెండో బాణం కూడా తగిలినవాడిలాంటివాడు. తెలిసినవాడికి ఒక్క బాణమే తగులుతుంది.

దీన్ని మీ పరిస్థితికి పెట్టి చూడండి. జీతం ఆగిపోవడం మొదటి బాణం. అది నిజంగా నొప్పి పెడుతుంది, దానికి వైద్యం చెయ్యాలి. "నేను పనికిరానివాణ్ణి", "చుట్టాలకి ముఖం ఎలా చూపించను", "ఇక నా బతుకు ఇంతే" అనేవి రెండో బాణం. విచిత్రమేమిటంటే, మొదటి బాణం ఇంకా తగలనివాళ్లకి కూడా రెండోది తగులుతూ ఉంటుంది. ఉద్యోగం ఉండగానే రాత్రి పక్క మీద పడుకుని పదిసార్లు పోగొట్టుకుంటారు.

ఈ రెండో బాణం ఎక్కణ్ణించి వస్తుంది? "ఇది నేను" అని పట్టుకోవడం నుంచి. మన ఇళ్లలో "మా అబ్బాయి సాఫ్ట్‌వేర్" అంటారు, చేసే పనే మనిషి అయిపోయినట్టు. లాభం–నష్టం, కీర్తి–అపకీర్తి, పొగడ్త–నింద, సుఖం–దుఃఖం, ఈ ఎనిమిదీ లోకంలో అందరి వెంటా తిరుగుతూనే ఉంటాయని బుద్ధుడు చెప్పాడు. మంచి రేటింగ్ వచ్చినప్పుడు "ఇదే నేను" అనుకున్నవాడు, తీసేసినప్పుడు కూడా "ఇదే నేను" అనుకోక తప్పదు. కానీ చూడండి, ఒక ప్రాజెక్టు మూసేస్తే అందులో బాగా పనిచేసేవాళ్లు కూడా పోతారు. మీ పేరు లిస్టులో ఉండటానికి ఎన్నో కారణాలు. వాటిలో చాలావరకు మీ చేతిలో లేనివే.

భయం వచ్చినప్పుడు దాన్ని తరమకండి. కూర్చుని, "ఇది భయం" అని గుర్తించండి. ఛాతీలో బిగుతుగా ఉందా, కడుపులో తిప్పుతోందా గమనించండి. శ్వాస వస్తోంది, పోతోంది, దాన్ని చూస్తూ ఉండండి. కాసేపటికి భయం పెరుగుతుంది, తగ్గుతుంది, రూపం మారుతుంది. అది అనిచ్చ అని పుస్తకంలో చదవడం వేరు, ఒంట్లో చూడటం వేరు. తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ గంటలో నేను చెయ్యగల పని ఏదైనా ఉందా? ఉంటే లేచి చెయ్యండి. లేకపోతే మళ్లీ శ్వాస దగ్గరికి రండి.

చెయ్యవలసిన పనుల గురించి కూడా బుద్ధుడు చెప్పాడు. దీఘజాణు అనే కోలియ గృహస్థు వచ్చి, పెళ్లాం పిల్లలతో బతికే మాలాంటివాళ్లకి ఇప్పుడు పనికొచ్చేది చెప్పమని అడిగాడు. నాలుగు చెప్పాడు: పనిలో నేర్పూ శ్రద్ధా, సంపాదించినదాన్ని కాపాడుకోవడం, మంచి స్నేహితులు, రాబడికి తగ్గ ఖర్చు. అంటే ఇవాళ్టి భాషలో, కొత్త పని నేర్చుకోండి, ఆర్నెల్ల ఖర్చుకి సరిపడా పక్కన పెట్టే ప్రయత్నం చెయ్యండి, ధైర్యం చెప్పేవాళ్లతో మాట్లాడండి, కొత్త అప్పులు ఆపండి.

ఇప్పుడు మీ పక్క సీటు సంగతి. లిస్టు వచ్చింది, అతని పేరు ఉంది, మీది లేదు. "హమ్మయ్య" అనిపిస్తుంది. అది తప్పా? ఆ ఊరట దానంతటదే పుట్టిన వేదన, దానికి సిగ్గుపడక్కర్లేదు. తర్వాత మీరు ఏం మాట్లాడతారు, ఏం చేస్తారు అన్నది మాత్రం కమ్మ. చాలామంది "వాడికి పని రాదులే, అందుకే తీసేశారు" అంటారు. అలా అనుకుంటే మనకి ప్రమాదం లేదనిపిస్తుంది. కానీ మన భయం తీర్చుకోవడానికి పడిపోయినవాడి మీద రెండో బాణం మనమే వేస్తున్నాం. అతనికి ఫోన్ చెయ్యండి. సలహాలొద్దు, వినండి. తెలిసినచోట అతని పేరు చెప్పండి.

మరి కంపెనీ చేసింది భరించి ఊరుకోవాలా? అక్కర్లేదు. సిగాలోవాద సుత్తంలో యజమానికి కూడా ధర్మాలు చెప్పారు: శక్తికి తగ్గ పని ఇవ్వడం, తిండి, జీతం ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచివి పంచుకోవడం, సమయానికి సెలవు ఇవ్వడం. కాబట్టి రావలసిన జీతం, నోటీసు డబ్బు, అనుభవ పత్రం గట్టిగా అడగండి. సాటివాళ్లతో కలిసి అడగండి. ఉపేక్ఖ అంటే నోరు మూసుకోవడం కాదు, ద్వేషం లేకుండా నిలబడటం.

ఇంట్లో దాచకండి. రోజూ బ్యాగు వేసుకుని ఆఫీసుకి వెళ్తున్నట్టు నటించడం వల్ల రెండో బాణం లోతుకి దిగుతుంది. ఇది చదివే అమ్మానాన్నలకి కూడా ఒక మాట: బిడ్డ వచ్చి చెప్పినప్పుడు "ఎందుకు తీసేశారు?" అని ముందే అడగకండి. "తిన్నావా?" అని అడగండి.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా, ధ్యానంతోనే సరిపెట్టుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. పగలైనా, రాత్రయినా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

ఈ రాత్రి పడుకునేముందు పది నిమిషాలు శ్వాసతో కూర్చోండి. రేపు పొద్దున ఉద్యోగం పోయిన ఒక్కరికి ఫోన్ చెయ్యండి. మీకు, మీ ఇంటివారికి మంగళం కలుగుగాక.