స్నేహితునికి వచ్చిన బహుమానము



అమెరికా దేశమందు వర్జీనియా రాష్ట్రములో గేలాక్స్ అను చిన్న పట్టణము కలదు. 1935వ సంవత్సరమున అచ్చట పల్లె సంగీతపు పోటీలు ఆరంభమాయెను. ఫిడేలు, బాంజో, గిటారు వాయించువారు వచ్చెదరు. బృందములకు వేరుగాను, ఒక్కొక్క వాద్యమునకు వేరుగాను పోటీ జరుగును. కాబట్టి ఒకే బృందములో కలిసి వాయించిన ఇద్దరు స్నేహితులు, మరియొక పోటీలో ఒకరికొకరు ఎదురు నిలువవలసి రావచ్చును.

తంతులను ఒకే శ్రుతికి తెచ్చుట చెవి పని. బహుమానము స్నేహితునికి దక్కినప్పుడు సంతోషించుట హృదయపు పని, ఇదియే కష్టము.

దావీదు సితారా వాయించగా సౌలు నెమ్మది పొందెడివాడు. అయినను స్త్రీలు దావీదును తనకంటె ఎక్కువగా పొగడి పాడినప్పుడు అసూయతో మండెను. యోనాతానైతే రాజకుమారుడై యుండియు తన వస్త్రమును, ఆయుధములను దావీదునకే ఇచ్చివేసెను (1 సమూయేలు 18). సింహాసనము అతనిదగునని యెరిగియు ప్రేమ తగ్గించుకొనలేదు.

మన సంఘపు పాటల పోటీలో పక్కవాని పేరు పిలిచినప్పుడు మన చేతులు చప్పట్లు కొట్టును, హృదయము సంతోషించునా? ఈ మాసములో మనకంటె బాగుగా పాడువాని యింటికి పోయి, అతని వరమునుబట్టి అతనితో కలిసి దేవుని స్తుతించుదము. ఆమేన్.