ముఖం లేని జెండా

"పోస్టర్ వేస్తే ఆగిన బాంబు ఒక్కటి చూపియ్యి మామా" అంది మా మేనకోడలు. గ్రాఫిక్ డిజైన్ ఆమె బతుకుదెరువు. గాజా పిల్లల మీద తను వేసిన పోస్టర్‌ను చాలామంది పంచుకున్నారట. ఆ మాట చెప్తూ తల దించుకుంది. "చచ్చిన పిల్ల మొహానికి రంగులు సరిజేస్తున్న. నీడ మంచిగ కుదిరింది అనుకున్న. గట్ల అనుకున్నంక తిండి సయించలే."

ఈ బాధకు జవాబు మన హైదరాబాద్ పాతబస్తీలోనే ఉందని నా నమ్మకం. అందుకే మదీనా బిల్డింగ్ దగ్గర, మొహర్రం సంతాపం జరిగే బాద్‌షాహీ ఆశుర్‌ఖానాకు తీసుకెళ్లాను. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1594లో కట్టించాడు. గోడల నిండా పసుపు, నీలం, ఆకుపచ్చ పలకలు. వాటిలో నిలువెత్తు అలంలు.

"ఊర్లె ఎత్తే పీర్లే గదా ఇవి?" అంది.

"అవే బిడ్డా. సైన్యం ముందర పట్టుకునే నిషానీలు. క్రీ.శ. 680ల కర్బలాల ఇమాం హుసేన్ పక్షం ఓడింది. జెండా మోసిన అబ్బాస్ చేతులు నరికిన్రంటరు. సిపాయిలను పోగుజేసే జెండా ఇక్కడ ఏడ్చెటోళ్లను పోగుజేస్తది."

చాలాసేపు చూసింది. "కత్తి లేదు, నెత్తురు లేదు. చచ్చినోళ్ల మొహం గూడ లేదు. అయినా బొమ్మలు వద్దన్న మతం గద, అందుకే లేదేమో."

"అయితే పాలస్తీనా కార్టూనిస్టు నాజీ అల్ అలీ సంగతి జూడు. 1969ల హందలా అనే పదేండ్ల పిల్లగాన్ని గీసిండు. తర్వాత వాన్ని మొహం కనబడకుండ మన దిక్కు వీపు పెట్టి నిలబెట్టిండు. 1987ల లండన్ల ఆయనను కాల్చి చంపిన్రు. ఆ పిల్లగాడు ఇంకా గోడల మీదనే ఉన్నడు."

"మరి జర్మనీ చిత్రకారిణి కేథే కోల్విట్స్ మొహాలే గీసింది గదా?"

గట్టి ప్రశ్నే. కోల్విట్స్ కొడుకు పీటర్ 1914లో యుద్ధంలో పోయాడు. పదేళ్లకు, 1924లో, ఆమె వేసిన పోస్టర్‌లో చెయ్యెత్తి అరిచే ముఖం బతికున్న మనిషిది. దుఃఖం ఆమె సొంతం. ముఖం గీయొద్దని నేను శాసనం చేయను. పరాయి ఇంటి బిడ్డ ముఖాన్ని ఆ ఇంటిని అడక్కుండా మన పనితనానికి వాడుకోవద్దంటాను, అంతే.

కింది వరసల దగ్గర ఆమె కూర్చుండిపోయింది. 1908 మూసీ వరదకు అక్కడి పలకలు పాడైతే అదే నమూనాలో రంగులు వేశారు. పైన వెలుతురు పడితే పలక మెరుస్తుంది. కింది రంగు మెరవదు. "ఏడిదాకా పోయిందో తెలుస్తనే ఉంది" అంటూ ఆ సరిహద్దు వెంట చూపుడువేలు గాలిలో నడిపించింది.

"నీ మొదటి ప్రశ్నకు వస్త. కర్బలాల గెలిచిన యజీద్ సైన్యం జెండా ఎట్లుండెనో నీకెరుకనా?"

"లేదు."

"ఓడినోళ్లది మాత్రం తెలంగాణల ఊరూర లేస్తది. హిందువులు గూడ మోస్తరు. బాంబు ఆగలేదన్నవు, నిజమే. గెలిచినోడు ఆ చావులను మరిపియ్యలేకపోయిండు, అది గూడ నిజమే. నీ పనిని దీంతోని కొలువు."

"మరి మన 1948?" అంది.

ఆ ఏడు ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో నిజాం పక్షపు రజాకార్లు ఊరివాళ్లను కాల్చి చంపారు. సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం పోలీసు చర్య జరిగింది. ఆ సమయంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు, ఎక్కువగా ముస్లింలు, 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని పండిత్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఒక చావును తలచుకునేవాళ్లు రెండోదాన్ని తలవరు. రెంటినీ కలిపి ఏడ్చే గుర్తు నాకెక్కడా కనబడలేదు.

ఈ నగరంలో బొమ్మలు గీసే పిల్లలారా, గాజా కోసం గీయడం ఆపకండి. దాంతోపాటు 1948కి కూడా ఒక గుర్తు గీయండి. భైరాన్‌పల్లి తల్లీ, పోలీసు చర్యలో కొడుకును పోగొట్టుకున్న ముస్లిం తల్లీ, ఇద్దరూ మాదే అనుకునేలా గీయండి.