పార్సిలా మేడమ్?

వరంగల్లో గానీ హైదరాబాద్‌లో గానీ, పొద్దున ఏడింటికి ఒక ఆడమనిషి ఒంటరిగా టిఫిన్ సెంటర్ మెట్లెక్కితే కౌంటర్ వెనకనుంచి వచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "పార్సిలా మేడమ్?" అడిగే మనిషిలో అమర్యాదేమీ వుండదు. పని తొందరలో అలవాటుగా అడిగే మాట అది. అదే నిమిషంలో పక్కనున్న మగమనిషిని మాత్రం "ఏం పెట్టమంటవ్ అన్నా?" అంటారు. అతను తినడానికి వచ్చాడు. ఆమె పట్టుకుపోవడానికి వచ్చింది, ఇంట్లో ఎదురుచూస్తున్న ఎవరికోసమో. ఆడమనిషి చేతిలో పొట్లం లోకానికి అలవాటైన దృశ్యం. ఆమె ముందు ప్లేటు, పక్కన ఎవరూ లేని కుర్చీ... ఇది మాత్రం ఇప్పటికీ కాస్త సంజాయిషీ అడిగే దృశ్యమే.

పరిశోధన పనిమీద వరంగల్ నుంచి హైదరాబాద్‌కి ఏళ్లుగా తిరుగుతున్నదాన్ని. బండి సికింద్రాబాద్‌లో దించే వేళకీ, అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలోనో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో నాకు కావలసిన పాత పత్రికలు చేతికొచ్చే వేళకీ మధ్య రెండు మూడు గంటల ఖాళీ వుంటుంది. తోటి మగ పరిశోధకులకి ఆ ఖాళీ సమస్య కాదు. టీ బడ్డీ దగ్గర నిలబడతారు, పార్కు బెంచీమీద పేపరు చదువుతారు, ప్లాట్‌ఫాం మీదే ఓ కునుకు తీస్తారు. మనకి మిగిలేది హోటలే. అందుకే నేను "టిఫిన్" అన్నప్పుడు నిజానికి నాలుగు అడుగుతున్నాను: వేడి తిండి, ఒక కుర్చీ, గడియ పడే బాత్రూం, ఎవరూ ఎందుకని అడగని అరగంట. ధరల బోర్డుమీద వుండేది మొదటిదొక్కటే.

మిగతా మూడింటి ధర ఇడ్లీ ధరలో దాక్కుని వుంటుంది. బండి దగ్గర ముప్పై రూపాయలకి దొరికే ప్లేటు, బల్లా కుర్చీ వున్నచోట యాభై అవుతుంది. ఏసీ, అద్దాల తలుపు, శుభ్రమైన బాత్రూం వున్నచోట వంద దాటుతుంది. పిండి అదే, చట్నీ కూడా కాస్త అటూ ఇటూగా అదే. మనం కట్టేది కుర్చీకి అద్దె. నయీంనగర్ హాస్టళ్లలో వుండి చదువుకునే అమ్మాయిలు పోటీ పరీక్షకో ఇంటర్వ్యూకో మొదటిసారి హైదరాబాద్ పోతూ నన్నడిగేది ఏ పుస్తకం చదవాలని కాదు. "అక్కా, అక్కడ తక్కువల కూచుని తినేటందుకు ఎక్కడ మంచిగుంటది?" అని. నాకూ మా సీనియర్లు అలాగే చెప్పారు. ఏ గ్రంథసూచిలోనూ చేరని జాబితా అది. ఒక తరం ఆడపిల్లల నుంచి ఇంకో తరానికి నోటిమాటగా అందుతూ వస్తోంది.

ఇదీ ఒక సమస్యేనా అని అడిగేవాళ్లుంటారు. తిండే లేని మనుషులున్న దేశంలో కుర్చీ గురించి వ్యాసమా? ప్రశ్న న్యాయమైనదే. కానీ తిండి దగ్గర జరిగిన పెద్ద అవమానాలు చాలావరకు కూచోవడం చుట్టూనే జరిగాయి. మన పల్లెల టీ కొట్లలో దళితుల దగ్గర డబ్బులు తీసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. వేరే గ్లాసు పెట్టారు, బల్లమీద చోటివ్వలేదు. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో సరుకులు కొన్నారు. దుకాణం సంతోషంగా అమ్మింది. వాళ్లే ఫలహారాల కౌంటర్ ముందు స్టూళ్లమీద కూచుంటే కాఫీ పొయ్యనంది. ఆ జూలైలో దుకాణం దిగొచ్చేదాకా వాళ్లు చేసిన పోరాటం కూచోవడమే. మన రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్లలోకి వెళ్లడానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు అడ్డు కాకూడదని పేరుపేరునా రాసుకోవలసి వచ్చింది. ఆ అవమానాలతో నా అసౌకర్యాన్ని తూచడం లేదు. నా డాక్టరేటు చూసో, నా మాటతీరు చూసో నన్నెవరూ బయటికి పొమ్మనరు. అయినా ఆకలి తీర్చడం, మనిషిగా చోటివ్వడం వేర్వేరు సంగతులని ఆ చరిత్రే మనకి నేర్పింది.

మన చోటు ఎలాంటిది? చాలా హోటళ్లలో "ఫ్యామిలీ సెక్షన్" అని బోర్డు వుంటుంది. ఆడవాళ్ల సౌకర్యం కోసమే పెట్టారంటారు. మరి ఒంటరిగా వచ్చిన స్త్రీ ఫ్యామిలీయా, కాదా? ఒకచోట నన్ను అందులోకి పంపారు, పదినిమిషాలకి నిజమైన ఫ్యామిలీ రాగానే లేచి వేరే మూలకి జరగమన్నారు. స్త్రీకి ఆ గదిలోకి ప్రవేశం భార్యగానో తల్లిగానో దొరికింది తప్ప తనంతట తనకి కాదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై గురించి 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం చెప్పేది ఇదే. బహిరంగ స్థలంలో స్త్రీ ఎప్పుడూ ఏదో పనిమీద వున్నట్టు కనబడాలి. తన ఆకలి మాత్రం పని కింద లెక్కకి రాదు.

ఇంట్లోనూ అంతే కదా. అందరికీ పెట్టి, చివరి దోసె గ్యాస్ బండ పక్కనే నిలబడి తినేసే ఆడవాళ్లకి నాష్టా ఒక భోజనవేళలా వుండదు, పనికీ పనికీ మధ్య సందులా వుంటుంది. మా ఊళ్లలో నాట్లకీ కలుపుకీ పోయే ఆడవాళ్లు ఈ విషయంలో మనకంటే నయం. గట్టుమీద చెట్టుకింద గుంపుగా కూచుని సద్ది విప్పేవాళ్లు. ఒకరి తొక్కు ఇంకొకరికి, నవ్వులు, ఇంటి గొడవలు. ఆ అరగంట మేస్త్రీది కాదు, మొగుడిది కాదు. పట్నం వచ్చాక మనం జీతం సంపాదించుకున్నాం, ఆ గట్టు పోగొట్టుకున్నాం. వర్జీనియా వుల్ఫ్ 1929 నాటి పుస్తకం అనగానే మనకి గుర్తొచ్చేవి సొంతగదీ, ఏడాదికి అయిదువందల పౌండ్లూ. అందులో మొదటి అధ్యాయం నడిచేది రెండు భోజనాలమీద. మగవాళ్ల కాలేజీలో విందు, ఆడవాళ్ల కాలేజీలో చప్పిడి కూడు. సరిగా తిననివ్వని చోట ఆలోచన ఎలా సాగుతుందన్నది ఆమెకి తెలుసు.

ప్రభుత్వాలు తిండి పెడుతున్నాయి, కాదనను. హైదరాబాద్‌లో 2014లో అయిదు రూపాయల భోజనం వచ్చింది. 2025లో వాటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరుపెట్టి అయిదు రూపాయల టిఫిన్ కూడా చేర్చారు. ఎంతమంది కడుపులు నిండాయో! కానీ ఆ భోజన కేంద్రాల దగ్గర మొదట్నుంచీ మనం చూసింది చేతిలో ప్లేటుతో నిలబడ్డ మనుషుల్ని, ఫుట్‌పాత్ అంచున ఒదిగి కూచున్నవాళ్లని. కుర్చీలు తర్వాత కొన్నిచోట్ల వచ్చాయి. బీదవాడికి అన్నం చాలు, ఆసనం ఎందుకన్నది మన దయలో దాగిన లెక్క. సిక్కుల లంగరులో పంగత్ అని వుంది. ఎవరైనా సరే ఒకే వరసలో, ఒకే నేలమీద కూచుని తినాలి. అక్కడ రొట్టె ఎంత ముఖ్యమో వరస అంత ముఖ్యం.

ఇక్కడిదాకా వచ్చాక నన్ను నిలదీసే మనిషి ఒకామె వుంది. నేను కూచున్న బల్ల తుడిచిన ఆమె. దోసెల మాస్టరు మగవాడు, గల్లా దగ్గర మగవాడు. చట్నీ రుబ్బడం, గిన్నెలు తోమడం, బల్లలు తుడవడం ఆమె వంతు. తెల్లారకముందే వచ్చి పదకొండింటిదాకా కాళ్లమీదే. కాసేపు కూచోరాదా అంటే, "కూసునుడా మేడం? గిన్నెలైనంక" అని నవ్వింది. నాకు చవగ్గా కుర్చీ కావాలి. ఆ చవక ఎవరి నడుములోంచి వస్తోంది? ఇద్దరు ఆడవాళ్లలో ఒకరి విశ్రాంతి ఇంకొకరి అలసట మీద నిలబడితే దాన్ని మన హక్కు అని ఎలా అందాం?

దీనికి ఒక జవాబు కేరళలో దొరికింది. కోళికోడ్ బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు రోజంతా నిలబెట్టడం మీద "ఇరిప్పు సమరం", అంటే కూచునే పోరాటం, నడిపారు. 2018లో ఆ రాష్ట్రం చట్టం మార్చి దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూచునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. ఆ చట్టాల గొప్పతనం ఏమిటంటే కుర్చీని యజమాని దయనుంచీ కొనేవాడి జేబునుంచీ విడదీశాయి.

మనం అడగవలసిందీ అదే. కుర్చీని ఇడ్లీ ధరలోంచి బయటికి తియ్యాలి. బస్టాండ్లో, లైబ్రరీ వరండాలో, యూనివర్సిటీ గేటు పక్కన, ఎం.జి.ఎం. ఆసుపత్రి ఆవరణలో కొనకపోయినా కూచోగల బెంచీ, నీళ్లొచ్చే బాత్రూం, అక్కడే స్త్రీల బృందాలు నడిపే క్యాంటీన్, అందులో పనిచేసేవాళ్లకి కూడా ఓ స్టూలు. పెద్ద కోరికలేం కావు. రోగికి తోడుగా ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో వరంగల్ వచ్చే తల్లికి మా ఊరే మహానగరం. హైదరాబాద్‌లో నేను వెతుక్కునేదే ఆమె ఇక్కడ వెతుక్కుంటోంది, నాకంటే తక్కువ డబ్బుతో, ఎక్కువ భయంతో.

సెమినార్లు పెట్టేవాళ్లం, సిలబస్‌లు రాసేవాళ్లం మనలో చాలామందిమే వున్నాం. దూరం నుంచి పొద్దున్నే దిగే విద్యార్థిని ఎక్కడ కూచుంటుందో మన ఆహ్వానపత్రంలో ఒక్క లైను రాయడం మన చేతిలో పనే. మనకి వడ్డించిన ఆమె ఎప్పుడు కూచుంటుందో అడగడం కూడా.