దానం పద్దు, జీతం పద్దు

కాళేశ్వరంలాంటి క్షేత్రంలో, గోదావరీ ప్రాణహితల సంగమంలో మునిగి ఒడ్డుకొచ్చినవాడి కంటికి వికలాంగుడు చెయ్యి చాచిన మనిషిగానే ఆనుతాడు. ఇంత పెడితే పుణ్యం. ఆ చూపును వెంటబెట్టుకునే మన పిల్లలు ఐసెట్ రాసి ఎంబీఏలో చేరుతున్నారని నా అనుమానం. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్న పాఠం దగ్గర వాళ్లకు వికలాంగులు గుర్తొస్తారు. నియామకాల పాఠం దగ్గర గుర్తురారు. ప్రభుత్వోద్యోగాల్లో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 4 శాతం కోటా పెట్టింది. ప్రైవేటు రంగంలో అలాంటి కోటా లేదు, సిబ్బందిలో కనీసం 5 శాతం వికలాంగులు ఉండేలా ప్రోత్సాహకాలు ఇవ్వమని మాత్రమే ప్రభుత్వాలకు చెప్పింది. కాబట్టి అక్కడ తలుపు తీయాల్సింది రేపటి మేనేజర్లే.

“జాలి తప్పా సార్?” అని విద్యార్థి అడగవచ్చు. తప్పు కాదు నాయనా, కానీ జాలిపడ్డ మనిషికి బరువైన పని అప్పగించడానికి మనసొప్పదు. సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదని పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వలేదు. కోర్టుకెళ్లి సాధించుకున్నాడు, అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివాడు, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు. “అందరూ శ్రీకాంత్‌లు కారుగా?” న్యాయమైన ప్రశ్నే. అసాధారణుల్ని పక్కన పెడదాం. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1973లో తన 1,452 మంది వికలాంగ ఉద్యోగుల తీరును పరిశీలించింది. పనిలోనూ హాజరులోనూ భద్రతలోనూ అత్యధికులు సగటుకు తగ్గలేదు. అది అక్కడి లెక్క, ఇక్కడికి అచ్చంగా అతకదు. అయినా “పని చెడుతుంది” అనేవాడు ఇక తన లెక్క తాను చూపించాలి.

“అయితే భూపాలపల్లి బొగ్గుబావిలోకి నడవలేనివాణ్ణి దింపుతారా?” దింపమని ఎవరూ అనడం లేదు, పని స్వభావాన్ని బట్టి మినహాయింపు ఇవ్వడానికి చట్టంలోనే వీలుంది. కానీ ఆ బావులు నడిపే సింగరేణి సంస్థ అంటే బావి ఒక్కటేనా? స్టోర్సు, జమాఖర్చులు, ఆసుపత్రి, కంప్యూటర్ల గదులు ఉన్నాయి. ర్యాంపుకీ, తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కీ ఖర్చవుతుందన్నది నిజమే. చూపున్నవాళ్ల కోసం వేసే దీపాలకూ ఖర్చవుతుంది, దాన్ని మాత్రం ఎవరూ లెక్కగట్టరు.

చివరికి “ఆసరా పింఛను వస్తోందిగా?” అంటారు. 2023లో తెలంగాణలో వికలాంగులకు అది నెలకు 4,016 రూపాయలైంది. కుటుంబానికి ఊతం, కాదనను. కానీ చదువుకున్న చదువుకు అది ఖరీదు కాదు. మహదేవపూర్ నుంచి ఒకమ్మాయి బీకాం పట్టా, వైకల్య ధ్రువపత్రం రెండూ జతచేసి దరఖాస్తు పంపితే మేనేజర్ ముందు పట్టా చదవాలి. రెండోదాన్ని ఆమెకు ఏ అంతస్తులో సీటు వేయాలో, ఏ ఏర్పాటు కావాలో ఆమెనే అడిగి తేల్చుకోవడానికి తెరవాలి.