తుప్పును తీయుట, గురుతును చెరుపుట



పాతబడిన వస్తువును బాగుచేయుట మంచిపనియే. అయితే ఎంతవరకు బాగుచేయుట మంచిది? అమెరికా దేశములో పాత రివాల్వర్లను ఇంటివద్ద బాగుచేయువారి పనిలో ఈ ప్రశ్న తేటగా కనబడుచున్నది. మన దేశములోనైతే 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే ఆయుధమును మరమ్మతు చేయరాదు. గనుక దీనిని చేయుటకు గాక, ఆలోచించుటకు చదువుడి.

1873లో అమెరికా సైన్యము స్వీకరించిన కోల్టు రివాల్వరు ఒకటి ఒకనికి తాతగారి పెట్టెలో దొరికినదనుకొందము. గొట్టముమీద ఎఱ్ఱని తుప్పు, పిడికి మురికి. అతడు మొదట తూటాలు లేవని చూచుకొని, పిమ్మట మరలు విప్పును.

తుప్పు తీసిన ఉక్కుకు రంగు పెట్టుటకు ఒక పాత పద్ధతి కలదు. జిడ్డు పోవునట్లు కడిగి, పలుచని ఆమ్లద్రావకము పూసి, తేమగల చోట ఉంచి, సన్నని తుప్పును కావలెననియే పట్టనిత్తురు. తరువాత శుభ్రమైన నీళ్లలో మరగబెట్టగా ఆ ఎఱ్ఱని తుప్పే నల్లని పొరగా మారును. పైపొడిని మెత్తని ఉక్కు పీచుతో తుడిచి, ఇట్లు పలుమారులు చేసి, తుదకు నూనె పూయుదురు. ఉక్కును తినివేయు తుప్పే ఉక్కును కాపాడు పొరయగుట ఎంత వింత!

ఇంతవరకు మేలే. అయితే మెరుపు మీది ఆశ ఇక్కడ ఆగదు. తిరుగు చక్రమునకు గట్టిగా ఆనించినయెడల అంచులు గుండ్రమగును, మరల రంధ్రములు గుంటలు పడును, పేటెంటు తేదీలు మాసిపోవును. పిడిని ఉప్పుకాగితముతో రుద్దినయెడల సైన్యపు తనిఖీదారుడు వేసిన ముద్ర పోవును.

మరియొకటి. 1890లలో ఈ తుపాకులు కొన్నిటి గొట్టములను ఏడున్నర అంగుళములనుండి అయిదున్నరకు కుదించిరి. అప్పుడు భాగములు కలిసిపోయినందున వాటి నంబర్లు ఒకదానితో ఒకటి సరిపోవు. తెలియనివాడు దానిని తప్పని యెంచి సరిదిద్దబోవును. అతడు దిద్దునది తప్పు కాదు, జరిగిన సంగతి.

“నా సొత్తు, నా యిష్టము” అని అతడనవచ్చును. దాచుకొనువరకు ఆ మాట చెల్లును. అమ్మునప్పుడో? కార్ఖానాలో పెట్టిన నీలిరంగు బొగ్గుల కొలిమి వేడిచే వచ్చినది. ఇంటి రంగు ఎంత అందముగా నున్నను అది కాదు. అడుగనివానికి చెప్పక, పాతరంగు వెల పుచ్చుకొనినయెడల అది సామెతల గ్రంథము 11వ అధ్యాయారంభమున గల దొంగత్రాసు వంటిది గాదా? త్రాసు మాటలాడదు. అబద్ధము మాత్రము దానిలోనే యున్నది.

ఇది నరుని చంపుటకు చేయబడిన వస్తువు. దాని గురుతులు ఎవరి చేతిలో నుండి వచ్చినదో చెప్పు సాక్షులు. తుప్పును ఆపుట కాపాడుట. సాక్షులను చెరుపుట దాచుట. కనుక బాగుచేసినవాడు తాను చేసినదంతయు ఒక చీటిమీద వ్రాసి పెట్టెలో నుంచవలెను. తరువాతివాడు మోసపోడు.

మన జీవితములలోను బాగుపడుటకు, బాగుపడినట్లు కనబడుటకు భేదము ఇదే. మీరు తుడుచుచున్నది తుప్పునా, గురుతునా?