జీర్ణోద్ధరణము

పంజాబులోని పాత వ్యవసాయ కుటుంబముల ఇండ్ల వెనుక, గొట్టపుబావి ప్రక్కనో వేపచెట్టు నీడనో, ఏండ్ల తరబడి కదలిక లేని లారీ యొకటి కొన్నిచోట్ల కనిపించును. 1954లో జంషెడ్‌పూరున టాటా సంస్థ, జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థ సహకారముతో లారీల నిర్మాణము ప్రారంభించినది. ఆ సహకారము 1969 వరకు సాగినది. ఆ కాలపు లారీ ముఖమున మూడు కొనల నక్షత్రముండెడిది. అట్టి లారీ గోధుమ బస్తాలను మండీకి చేరవేసినది. చెరకును మిల్లుకు మోసినది. అవసరమైనపుడు పెండ్లివారిని కూడ పొరుగూరికి దింపి వచ్చినది. తరువాత ట్రాక్టరును, దాని వెనుక ట్రాలీయును వచ్చినవి. పొలమునకు లారీతో పని తగ్గినది. ఒకనాడు నిలిపినచోటనే అది నిలిచిపోయినది.

ఇప్పుడు ఆ ఇంటి మనుమడు దానిని మరల నడిపింపవలెనని తలచినాడనుకొందము. ఈ తలంపు మంచిదేనా? మంచిదైనచో, దేనిని బ్రతికించినపుడు ఆ లారీ బ్రతికినట్లగును? ప్రశ్న చిన్నదిగానే కనిపించును. కాని మనము పెద్దలనుండి పొందిన ప్రతి వస్తువు విషయమునను, ప్రతి ఆచారము విషయమునను ఇదియే ప్రశ్న మనకెదురగుచున్నది.

ముందు పని యెట్లు జరుగునో చూడవలెను. చిరకాలము నిలిచిపోయిన ఇంజనులో పిస్టన్లు త్రుప్పుపట్టి సిలిండరు గోడలకు అతుక్కొనిపోవును. లారీని వేరొక బండికి కట్టి లాగి, బలవంతముగా ఇంజనును త్రిప్పినచో రింగులు విరుగును. తెలిసిన మేస్త్రీ అట్లు చేయడు. సిలిండర్లలో పలుచని నూనె పోసి, దినముల తరబడి వేచియుండి, చేతితో కొద్దికొద్దిగా కదలించి చూచును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టిన వేడిమియే ఇంధనమును మండించును. రింగులును వాల్వులును ఆ గాలిని నిలుపలేనిచో ఇంజను పలుకదు. టాంకు అడుగున పేరుకొన్న మడ్డిని కడుగవలెను. గొట్టములలో చిక్కిన గాలిని చేతిపంపుతో వెడలగొట్టవలెను. ఎలుకలు కొరికిన తీగెలను మార్చవలెను. ఇంజను పలికిన క్షణమున చుట్టు చేరినవారందరును సంతోషింతురు. కాని మంచి మేస్త్రీ అంతకు ముందే బ్రేకులను విప్పి, ఎండి చిట్లిన రబ్బరు భాగములను మార్చియుండును. ఆగుట చేతగాని బండిని కదలించరాదని అతడెరుగును.

ఇట్లు టైర్లు, తీగెలు, రబ్బరు, రింగులు, బల్లలు, రంగు మారిన తరువాత అది ఆ లారీయేనా? ఈ సందేహము మన భూమిలో చాల పాతది. పాళీ గ్రంథమైన మిలిందపన్హలో యవనరాజు మిలిందుడు, భిక్షువు నాగసేనుడు ఈ విషయమునే చర్చించిరి. రాజు రథమెక్కి వచ్చినాడు. నొగ రథమా, ఇరుసు రథమా, చక్రములు రథమా అని భిక్షువు వరుసగా అడిగెను. ఏ ఒక్కటియు కాదని రాజు ఒప్పుకొనెను. ఈ అంగములన్నియు కూడియుండగా వ్యవహారము కొరకు రథమను పేరు ఏర్పడినదని తేలినది. మిలిందుని రాజధానియైన సాగల నగరము నేటి సియాల్‌కోటేయని చరిత్రకారులు పలువురు తలంచుదురు. రథమును గూర్చిన ఆ ప్రశ్న కూడ పంజాబు నేలపైననే పుట్టినదన్నమాట.

మన లారీ విషయమున నాగసేనుని మాట మరింత చెల్లును. అది పుట్టుకతోనే ఒకచోటి వస్తువు కాదు. చాసిస్, ఇంజను జంషెడ్‌పూరున తయారైనవి. సరకు నింపు తొట్టిని, డ్రైవరు గదిని సర్‌హింద్ వంటి ఊళ్లలో వడ్రంగులు, కమ్మరులు తమ కొలతలతో కట్టిరి. కనుక దాని అసలు రూపమును వెదకువాడు ఎక్కడ ఆగవలెనో తెలియక చిక్కుపడును. కాని నాగసేనుని సమాధానము మన పనికి చాలదు. పేరు వ్యవహారమాత్రమేయైనను, వ్యవహారము వలన బాధ్యత కలుగును. ఇది మా తాతగారి లారీయని చెప్పువాడు ఆ లారీకి సంబంధించిన ఋణములను కూడ తన తలపై పెట్టుకొనుచున్నాడు.

ఈ ఋణమును గూర్చి ఆలోచించుటకు ఆగమములలోని జీర్ణోద్ధరణ విధి తోడ్పడును. శిథిలమైన ఆలయమును బాగుచేయుటకు ముందు దేవతాశక్తిని కలశములోనికి ఆకర్షింతురు. పని ముగిసిన పిమ్మట దానిని తిరిగి బింబమునందు నిలుపుదురు. ఉద్ధరింపబడునది గోడ మాత్రమే కాదు, నిత్యార్చన. గోడలు నిగనిగలాడుచు అర్చన జరుగని గుడి ఉద్ధరింపబడినదని ఎవరును అనరు. లారీకి అర్చనయన బరువు మోయుటయే.

ఇచ్చటనే అసలు చిక్కు వచ్చుచున్నది. 2021లో భారత ప్రభుత్వము పురాతన వాహనములకు నియమములు చేసినది. 50 సంవత్సరములు దాటి, వాణిజ్యమునకు వాడక, మూలరూపమున నిలిచియున్న వాహనములకు ప్రత్యేకమైన నమోదు కల్పించినది. వానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, మరమ్మతులకు, ఇంధనము పోయించుకొనుటకు మాత్రమే నడుపవచ్చును, నిత్యోపయోగమునకు నడుపరాదు. సరకు మోసి బ్రతికిన లారీకి ఆ వాకిలి ఇరుకైనది. అంటే, పని మానిన ముసలితనమునకు గౌరవము కలదు గాని, పనిచేయు ముసలితనమునకు చోటు లేదు. అట్లని ఈ కట్టుబాటును నిందించుట న్యాయము కాదు. పాత డీజిలు ఇంజను విడుచు పొగ మసి పసివారి ఊపిరితిత్తులలో చేరును. నా లారీ ఒక్కటే గదా అనువాడు, తన మమకారమునకు వెల ఇతరులచేత చెల్లించుచున్నాడు.

మమకారము నవ్వదగినదని నేననను. 1958లో ఋత్విక్ ఘటక్ నిర్మించిన అజాంత్రిక్ అను వంగ చిత్రమున, బిమల్ అను టాక్సీ డ్రైవరు తన పాత కారును మనిషివలె ప్రేమించును. ఉన్నదంతయు దానిపై వెచ్చించును. చివరకు ఆ కారు పాత ఇనుముగా అమ్ముడుపోవును. ప్రేమ దానిని బ్రతికింపలేకపోయినది. అయినను ప్రేమ వ్యర్థమైనదని మనకు తోచదు. కాని బిమల్ ఆ కారుతో కష్టపడి బ్రతికినవాడు. నేడు లారీని తీర్చిదిద్దించి దాని ముందు ఛాయాచిత్రము తీయించుకొనువాడు సాధారణముగా దానిని నడిపినవాడు కాడు. రాత్రులు మేలుకొని నడిపిన డ్రైవరు, వెనుక వ్రేలాడిన క్లీనరు, వీపులపై బస్తాలు మోసి నింపిన కూలీలు ఆ చిత్రములో ఉండరు. వారి గుర్తులు తొట్టి బల్లల అరుగుదలలోను, తలుపుమీది సొట్టలోను, మెట్టుపైని పాదపు గుంతలోను మాత్రమే మిగిలినవి. వానిని గీకి, పూడ్చి, అద్దమువలె రంగు వేయించినచో లారీ మిగులును. వారు మాత్రము రెండవమారు వెళ్లిపోదురు.

కనుక నాకు తోచిన మేర ఇట్లు చేయుట మేలు. ప్రాణరక్షణకు సంబంధించినది, అనగా బ్రేకు, స్టీరింగు, టైరు, తీగె, పూర్తిగా క్రొత్తది కావలెను. అక్కడ పాతదనముపై మమత పనికిరాదు. శ్రమకు గుర్తుగా నిలిచినదానిని తాకరాదు. ఊరి రోడ్డునకు పోక, తన పొలపు గట్టుల నడుమ, కోతల దినములలో కొద్ది నాళ్లు కల్లమునుండి కొట్టునకు బస్తాలు మోసినను చాలును. దాని అర్చన జరిగినట్లే. ఆ పనిలో వృద్ధుడైన మేస్త్రీ ప్రక్కన ఒక కుర్రవాడు నిలిచి, ఇంజను ధ్వనిని బట్టి లోపమును పోల్చుట నేర్చుకొనినచో, ఇనుముకంటె విలువైనది కూడ ఉద్ధరింపబడును.

అంత మాత్రమును సాధ్యము కానిచో? భిన్నమైన విగ్రహమును జలములలో విడుచుటకును ఆగమములు విధి చెప్పినవి. పనికివచ్చు భాగములను వేరొక బండికి ఇచ్చి, మిగిలిన ఇనుమును కొలిమికి పంపుట అట్టి విసర్జనమే. అది కృతఘ్నత కాదు. కూర్చుండబెట్టి రంగులు పూసి, పని చెప్పకుండ పొగడుటకంటె అది ఆ వస్తువునకును, దానితో చెమటోడ్చిన మనుష్యులకును తగిన మర్యాద.