స్టే వచ్చినప్పుడు ఏది ఆగుతుంది?

2025 జనవరి 24 పొద్దున్నే కోరుట్ల నుంచి మామ ఫోన్. మామ అంటే మా అమ్మ తమ్ముడు. "అల్లుడా, గా అమెరికా జడ్జి ఆపిండట గదరా! ఆయనకు పుణ్యముంటది" అన్నాడు. ఆయన కూతురు, అంటే నా మరదలు, డాలస్‌లో ఉంటుంది. అప్పటికి ఆరో నెల. మొగుడిది హెచ్‌1బీ, తనది హెచ్‌4. జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఆర్డర్ అమల్లోకి వస్తే, ఫిబ్రవరి 19 నుంచి పుట్టే ఇలాంటి పిల్లలకు పుట్టుకతో వచ్చే అమెరికా పౌరసత్వం ఉండదు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో లేకపోతే అంతే సంగతి. గడువు లోపలే సిజేరియన్ చేయించుకోవచ్చా అని మనవాళ్లు డాక్టర్లను అడుగుతున్నారని పేపర్లలో వార్తలొచ్చిన రోజులవి. అప్పుడు సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి, మూడంటే మూడు రోజుల్లో, దాన్ని దేశం మొత్తానికీ ఆపేశాడు.

అదే సంవత్సరం అక్టోబర్ 9 సాయంత్రం మళ్లీ మామే ఫోన్. ఈసారి గొంతు వేరు. "ఇద్దరు జడ్జిలు కూసోని రాష్ట్రం మొత్తం ఎట్ల ఆపుతర్రా? ఓట్లేసి గెలిపిచ్చింది మేము, ఆపేటోళ్లు వాళ్లా?" ఆ రోజు తెలంగాణ హైకోర్టు జీవో 9 మీద స్టే ఇచ్చింది. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇస్తూ సెప్టెంబర్ 26న ప్రభుత్వం తెచ్చిన జీవో అది. మామ రెండుసార్లు వార్డు మెంబరుగా చేసిన మనిషి. వాళ్ల ఊరి సర్పంచ్ సీటు బీసీ జనరల్ అని లిస్టులో వచ్చిన రోజు నుంచి ఇంట్లో కంటే చాయ్ హోటల్ దగ్గరే ఎక్కువ ఉంటున్నాడని అత్త చెప్పేది.

జనవరిలో ఒక్క జడ్జి ముప్పై నాలుగు కోట్ల మంది దేశాన్ని ఆపితే పుణ్యం. అక్టోబర్‌లో ఇద్దరు జడ్జిలు ఒక రాష్ట్రాన్ని ఆపితే అన్యాయం. మామను ఎగతాళి చేయడానికి చెప్పట్లేదు ఇది. నేనూ ఆ రెండు రోజులూ ఆయన ఫీలైనట్టే ఫీలయ్యాను. అమెరికావాళ్లు కూడా ఇందులో మనకంటే పెద్ద నిలకడ ఉన్నవాళ్లేం కాదు. 2015 ఫిబ్రవరిలో టెక్సస్‌లో ఒక జడ్జి ఒబామా ఇమిగ్రేషన్ పథకాన్ని దేశమంతా ఆపినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లే, పదేళ్ల తర్వాత ఒక్క జడ్జికి ఇంత పవరేంటి అన్నారు. అప్పుడు తిట్టినవాళ్లు ఇప్పుడు దండం పెట్టారు. కుర్చీలు మారాయి, డైలాగులు అవే.

మన పక్షమా కాదా అనేది పక్కన పెడితే, ఈ అధికారం మంచిదా చెడ్డదా అని ఎలా తేల్చుకోవాలి? కొన్ని నెలలుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది.

*

ముందు అమెరికాలో ఏం తేల్చారో చూద్దాం. 2025 జూన్ 27న అక్కడి సుప్రీంకోర్టు, ట్రంప్ వర్సెస్ కాసా కేసులో, 6-3 మెజారిటీతో ఒక మాట చెప్పింది. కింది కోర్టు జడ్జి తన ముందుకొచ్చిన పిటిషనర్‌కి పూర్తి ఉపశమనం ఇవ్వొచ్చు, కానీ కేసులో లేని దేశ ప్రజలందరి తరఫునా ప్రభుత్వాన్ని ఆపే అధికారం చట్టం అతనికి ఇచ్చినట్టు లేదు అని. పౌరసత్వం ఆర్డర్ రాజ్యాంగబద్ధమా కాదా అన్నది ఆ రోజు తేల్చలేదు. తేల్చింది ఎవరికోసం ఆపొచ్చు అనేదే.

ఈ వాదనలో బలం లేకపోలేదు. ఆ దేశంలో వందల మంది ఫెడరల్ జిల్లా జడ్జిలున్నారు. తొంభై మంది ఒప్పుకోకపోయినా, నీకు నచ్చిన ఒక్కణ్ణి వెతుక్కుని వెళ్తే చాలు, దేశం ఆగుతుంది. ప్రభుత్వం మాత్రం ప్రతి కోర్టులోనూ గెలవాలి. దీన్ని ఆట అనలేం.

కానీ ఇటు నుంచి చూడండి. ఉపశమనం కేసు వేసినవాళ్లకే అంటే, డాలస్‌లో లాయర్‌కి ఫీజు కట్టగలిగినవాడి కొడుకు పౌరుడు, పక్క అపార్ట్‌మెంట్‌లో కట్టలేనివాడి కొడుకు కాదు. ఒకే హాస్పిటల్, ఒకే రోజు, ఒకే రకం వీసా. మనం చట్టం అని పిలిచేది ఇలా వాదిని బట్టి మారే వస్తువైతే దానికి వేరే పేరు పెట్టాలి. అందుకేనేమో ఆ తీర్పు వచ్చిన రెండు వారాలకే న్యూ హాంప్‌షైర్‌లో ఇంకో జడ్జి, బాధిత పిల్లలందరినీ ఒక వర్గంగా లెక్కగట్టి, క్లాస్ యాక్షన్ దారిలో మళ్లీ దేశమంతా ఆపాడు. ముందు తలుపు మూస్తే పక్క తలుపు తెరుచుకుంది. అందరికీ ఒకేసారి వర్తించే తప్పుకి అందరికీ ఒకేసారి వర్తించే మందు కావాలనే అవసరం ఏ తీర్పుతోనూ పోదు.

మన దగ్గర ఈ చర్చ ఇంత గట్టిగా జరగదు, ఎందుకంటే మనకి ఇది అలవాటైపోయింది. కోరుట్ల, జగిత్యాల ఇళ్లల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకి తెలిసిన ఉదాహరణే ఒకటుంది. పొగాకు ప్యాకెట్ల మీద 85 శాతం జాగా హెచ్చరిక బొమ్మకే ఇవ్వాలన్న కేంద్రం రూల్‌ని 2017 డిసెంబర్ 15న కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. కేసు అక్కడిది, ప్యాకెట్ మా అత్త వరండాలో చుట్టిన కట్టలది కూడా. ఇరవై నాలుగు రోజుల తర్వాత, 2018 జనవరి 8న, సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. బొమ్మ ఉంటే బీడీలు అమ్ముడుపోవు, పని పోతుంది అని అత్తలాంటివాళ్ల భయం. బొమ్మ లేకపోతే కాల్చేవాళ్ల ఊపిరితిత్తులు. ఆ కేసులో ఇరుపక్షాలూ మా ఇంట్లోనే ఉన్నాయి, ఎందుకంటే అత్త చుట్టేది, మామ కాల్చేవాడు.

ఇక జీవో 9 విషయంలో ‘వాదికి మాత్రమే’ అన్న అమెరికా సూత్రం పనికే రాదు. ఎన్నికని ఒక పిటిషనర్‌కి మాత్రం ఆపి మిగతా ఊళ్లో జరపలేం. ఆపితే అందరికీ ఆగాలి, లేకపోతే ఎవరికీ ఆగకూడదు. కాబట్టి ఎంత మందికి ఆపారు అన్న ప్రశ్న దగ్గర కూర్చుంటే ఎక్కడికీ చేరం. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఎంత కాలం ఆపారు అనేది.

*

స్టే ఇవ్వాలంటే కోర్టులు మామూలుగా మూడు విషయాలు చూస్తాయి. పైకి చూస్తే కేసులో బలం ఉందా, ఆపితే ఎవరికి ఎక్కువ కష్టం, ఆపకపోతే పూడ్చలేని నష్టం జరుగుతుందా. మూడోదే నైతికంగా అసలు ప్రశ్న. మా పనిలో దీన్ని రోజూ చూస్తాం. కొత్త కోడ్ పెట్టి, తేడా వస్తే పాత వెర్షన్‌కి వెనక్కి పోవచ్చు. కానీ డేటాబేస్‌లో ఒక కాలమ్ తీసేశాక వెనక్కి పోవడం ఉండదు, పోయిన డేటా పోయినట్టే. అందుకే అలాంటి మార్పుల ముందు ఒకటికి పదిసార్లు ఆగుతాం.

మామ జనవరి కేసు ఈ కొలతకి తేలిగ్గా లొంగుతుంది. ఆర్డర్‌ని ఆపారు, తర్వాత అది చెల్లుతుందని తేలిందనుకుందాం. ప్రభుత్వానికి పోయింది కొన్ని నెలల ఆలస్యం. ఆపలేదు, తర్వాత అది చెల్లదని తేలిందనుకుందాం. పాస్‌పోర్ట్ లేని పసిపిల్లలు, ఏ దేశం కాగితమూ చేతిలో లేని నెలలు. తక్కెడ ఒక పక్కకి వాలిపోతోంది. ఇక్కడ ఆపడమే న్యాయం అనడానికి నాకు సంకోచం లేదు. అసలు ప్రశ్నని సుప్రీంకోర్టు డిసెంబర్ 5న విచారణకి తీసుకుంది. మనవడు అప్పటికే గోడ పట్టుకుని నిలబడుతున్నాడు.

అక్టోబర్ కేసు ఇంత తేలిక కాదు. ఆ వారమే సిరిసిల్ల దగ్గర తంగళ్లపల్లి వైపు ఊరి నా పాత రూమ్మేట్‌తో గొడవపడ్డాను. వాళ్ల నాన్న కూడా సర్పంచ్‌గా నిలబడదామనుకున్నాడు, వాళ్లు ఓసీలు. వాడన్నాడు: "జీవో చెల్లదని రేపు తేలితే? అప్పటికి ఎలక్షన్ అయిపోతది. మా నాయిన అయిదేండ్లు ఎవలిస్తరు?" మామ అడిగేదీ అదే. జీవో చెల్లుతుందని రేపు తేలితే నా అయిదేళ్లు ఎవరిస్తారు? ఇద్దరూ ఒకే నష్టం గురించి మాట్లాడుతున్నారు. ఆపినా, ఆపకపోయినా ఎవరో ఒకరి అయిదేళ్లు పోతాయి. యథాతథ స్థితి అనే మాట ఇక్కడ మోసం చేస్తుంది. ఏమీ మార్చకుండా ఉంచడం కూడా ఒకరి వైపు నిలబడటమే.

మరి కోర్టు ఏం చేయాలి? చేతిలో ఉన్న చట్టాన్ని చూసింది. స్థానిక సంస్థల్లో మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కృష్ణమూర్తి కేసులో చెప్పింది. జీవో ప్రకారం బీసీ 42, ఎస్సీ 15, ఎస్టీ 10, మొత్తం 67. ఈ లెక్క జీవో రాసినవాళ్లకి తెలియంది కాదు. మార్చిలో అసెంబ్లీ పాస్ చేసిన బిల్లులు రాష్ట్రపతి దగ్గర ఆగిపోయాయి. అక్కడ ఆపడానికి కారణం రాయాల్సిన పని కూడా లేదు, కోర్టు కనీసం కారణం రాస్తుంది. బిల్లు కదలకపోయేసరికి జీవో వచ్చింది. 2025 సెప్టెంబర్ 26 శుక్రవారం. శుక్రవారం ప్రొడక్షన్‌లో చెయ్యి పెట్టొద్దని మా ఫీల్డులో మొదటి రోజే చెప్తారు.

అయినా మామ కోపంలో ఒక నిజం ఉంది, దాన్ని లాయర్ భాషతో తుడిచేయలేం. 50 శాతం హద్దు రాజ్యాంగంలో రాసి ఉన్నది కాదు, జడ్జిలు గీసిందే. 2019 జనవరిలో అగ్రవర్ణ పేదలకు 10 శాతం ఇచ్చిన 103వ సవరణ కూడా ఆ హద్దు దాటింది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇవ్వలేదు. 2022 నవంబర్ 7న 3-2తో సమర్థిస్తూ తీర్పు వచ్చేదాకా, దాదాపు నాలుగేళ్లు, సీట్లు నిండుతూనే ఉన్నాయి. అది రాజ్యాంగ సవరణ, ఇది జీవో అని తేడా చెప్పొచ్చు, ఆ తేడా నిజమే. కానీ ఒకరి కేసులో తీర్పు దాకా పథకం నడిచింది, ఇంకొకరి కేసులో తీర్పు దాకా పథకం ఆగింది. చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లకి కనిపించేది ఇదే. వాళ్లకి కనిపించింది తప్పు అని నేను అనలేను.

మన దగ్గరే దీనికి తిరగబడ్డ ఉదాహరణ ఇంకోటి. ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు ఇచ్చిన 4 శాతాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దాన్ని కొనసాగనిచ్చింది. ఆ ‘మధ్యంతరం’ పదిహేనేళ్లు దాటింది. నాతో ఇంజినీరింగ్ చదివిన జగిత్యాల దోస్తు ఒకడికి ఆ కోటాలోనే సీటు. వాడికి పెళ్లయింది, పిల్లలు బడికి పోతున్నారు, ఆ కేసు ఇంకా తాత్కాలికమే. వాడికి మేలు జరిగింది, నాకు సంతోషం. కానీ ఒక తరం చదువులు ఒక తాత్కాలిక కాగితం మీద నడవడాన్ని ఏమనాలి?

*

ఇదంతా ఆలోచించాక నేను చేరిన చోటు ఇది. అందరి కోసం ఆపే అధికారం జడ్జికి ఉండాలి. లేకపోతే న్యాయం కోర్టు మెట్లెక్కగలిగినవాళ్ల సొంతమవుతుంది. జగిత్యాల నుంచి హైకోర్టుకి 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది, బీడీలు చుట్టే మనిషికి అది డాలస్ అంత దూరం. కానీ ఆ అధికారానికి గడియారం కట్టాలి. ఆపుతున్నప్పుడు ఎవరి నష్టం పూడ్చలేనిదో, ఎవరిది పూడ్చగలిగేదో రాయాలి. రెండు పక్కలా నష్టం సమానంగా ఉన్నప్పుడు, అసలు తీర్పుని అంత తొందరగా ఇవ్వాలి. ఎన్నిక జరిగిపోతే మధ్యంతర ఉత్తర్వే తుది తీర్పు అవుతుంది, ఎవరూ వాదించకుండానే, ఎవరూ ఒప్పుకోకుండానే.

తెలంగాణలో అదే అయ్యింది. అక్టోబర్ 16న సుప్రీంకోర్టు ప్రభుత్వ పిటిషన్‌ని కొట్టేసింది. హైకోర్టులో కౌంటర్‌కి నాలుగు వారాలు ఇచ్చారు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచ్‌లు లేని ఊళ్లు ఇంకా ఆగలేవని నవంబర్ 22న 50 శాతం లోపే కొత్త జీవో వచ్చింది. డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో పోలింగ్ అయిపోయింది. మామ ఊరు జనరల్ అయ్యింది. జనరల్ సీటులో నిలబడొద్దని ఎవరూ అనలేదు, ఖర్చు లెక్క చూసి ఆయనే ఆగిపోయాడు.

సంక్రాంతికి కోరుట్ల పోయాను. అత్త సకినాలు పోస్తోంది. డాలస్ నుంచి వీడియో కాల్‌లో మనవడు ఫోన్‌ని నోట్లో పెట్టుకుంటున్నాడు. వాడు అమెరికన్ అని మామ అందరికీ చెప్తాడు. కాల్ అయ్యాక కాసేపు ఊరికే కూర్చున్నాడు.

"అల్లుడా, నువ్వన్నట్టు గా జడ్జి చేసిందీ గీ జడ్జిలు చేసిందీ ఒక్కటే అనుకుందాం" అన్నాడు. "ఒప్పుకుంట. మరి మాది అసల్ తీర్పు ఎప్పుడస్తదిరా?"

అత్త సకినాల ప్లేటు తెచ్చి మధ్యలో పెట్టింది. నేను ఒకటి తీసుకున్నాను. ఏం చెప్పాలో తెలియలేదు.